యూనిట్ 7: ఈస్ట్రోజన్ గ్రాహకం – ఒక భావన చరిత్ర

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 హార్మోన్ దొరికింది, పనితీరు తెలియలేదు
7.3 ఎంజైము సిద్ధాంతం
7.4 షికాగో ప్రయోగం
7.5 గ్రాహకాన్ని వేరుచేయడం
7.6 రెండంచెల నమూనా
7.7 1984: నమూనా సవరణ
7.8 జన్యువు, ఆకృతి
7.9 కణత్వచం దగ్గరే ఆగే హార్మోన్లు
7.10 ప్రయోగశాల నుంచి ఆసుపత్రికి
7.11 సారాంశం
7.12 కీలక పదాలు
7.13 మీ ప్రగతిని సరిచూసుకోండి – సమాధానాలు
7.14 మాదిరి పరీక్షా ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు:
• ఈస్ట్రోజన్ గర్భాశయ కణాల్లోకి ఎలా ప్రవేశిస్తుందో, అక్కడ దేనితో బంధం ఏర్పరచుకొంటుందో వివరించగలుగుతారు.
• గ్రాహకం అనే భావన ఏ ప్రయోగాల ద్వారా రుజువైందో కాలక్రమంలో చెప్పగలుగుతారు.
• 1968 నాటి రెండంచెల నమూనాలో ఏ భాగం నిలిచిందో, ఏ భాగం మారిందో, ఎందుకు మారిందో విశ్లేషించగలుగుతారు.
• ఈ పరిశోధన రొమ్ము క్యాన్సర్ చికిత్సకు, గర్భనిరోధానికి ఎలా ఉపయోగపడిందో తెలియజేయగలుగుతారు.

7.1 పరిచయం

అండాశయం నుంచి రక్తంలోకి విడుదలయ్యే ఈస్ట్రోజన్ శరీరమంతటా తిరుగుతుంది. కాలేయానికీ, కండరానికీ, గర్భాశయానికీ అదే రక్తం అందుతుంది. అయినా గర్భాశయం, యోని, క్షీరగ్రంథులు మాత్రమే దానికి బలంగా స్పందించి పెరుగుతాయి. అందరి గుమ్మం ముందు నుంచీ వెళ్లే హార్మోన్‌ను కొన్ని ఇళ్లవారే ఎందుకు లోపలికి పిలిచి కూర్చోబెట్టుకొంటున్నారు? ఇరవయ్యో శతాబ్దపు అంతస్స్రావక శాస్త్రాన్ని చాలాకాలం వేధించిన ప్రశ్న ఇది.

దీనికి నేటి పాఠ్యపుస్తకాలు ఒకే వాక్యంలో జవాబు చెబుతాయి: లక్ష్య కణజాలంలోని కణాల్లో ఈస్ట్రోజన్‌కు ప్రత్యేకమైన గ్రాహక ప్రోటీన్ ఉంటుంది. ఈ వాక్యం స్థిరపడడానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. ఆ క్రమంలో ఒక బలమైన సిద్ధాంతం పక్కకు తప్పుకొంది. దాని స్థానంలో వచ్చిన నమూనా కూడా పదహారేళ్లపాటు పుస్తకాల్లో నిలిచి, ఆ తరవాత సవరణకు లోనైంది. ఆ సవరణకు ఆధారం చూపింది ఆ నమూనాను నిర్మించిన ప్రయోగశాలలే కావడం ఈ చరిత్రలో విశేషం.

ఈ యూనిట్‌లో మీరు ప్రధానంగా గమనించవలసిన విషయం ఒకటుంది. పరిశోధకుడు చూసినది వేరు, చూసినదాని నుంచి ఊహించినది వేరు. ఈ రెంటి మధ్య తేడాను గుర్తించగలిగితే ఈ యూనిట్ సారాంశం మీకు అందినట్లే.

7.2 హార్మోన్ దొరికింది, పనితీరు తెలియలేదు

పునరుత్పత్తి అవయవాలు రక్తం ద్వారా రసాయనిక సంకేతాలను పంపుతాయన్న ఆలోచన పాతదే. 1849లో జర్మనీలోని గొట్టింగెన్‌లో ఆర్నాల్డ్ బెర్తోల్డ్ కోడిపుంజుల వృషణాలను తొలగించి, వాటిని శరీరంలో మరోచోట అమర్చినా పుంజు లక్షణాలు నిలుస్తాయని చూపాడు. నరాల సంబంధం తెగిపోయినా ప్రభావం కొనసాగిందంటే అది రక్తం ద్వారానే చేరుతుండాలి. 1905లో ఇంగ్లండుకు చెందిన ఎర్నెస్ట్ స్టార్లింగ్ ఇలాంటి పదార్థాలకు 'హార్మోన్' అనే పేరును వాడుకలోకి తెచ్చాడు.

స్త్రీ హార్మోన్ విషయంలో కీలకమైన అడుగు 1923లో పడింది. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఎడ్గర్ ఆలెన్, ఎడ్వర్డ్ డాయిజీ పంది అండాశయ పుటికల్లోని ద్రవాన్ని తీసి, అండాశయాలు తొలగించిన ఎలుకలకు ఎక్కించారు. ఆ ఎలుకల యోని కణాల్లో ఈస్ట్రస్ దశకు చెందిన మార్పులు కనిపించాయి. దీంతో హార్మోన్ ఉన్నదీ లేనిదీ పరీక్షించే సులభమైన పద్ధతి దొరికింది. 1927లో సెల్మార్ ఆష్‌హైమ్, బెర్న్‌హార్డ్ జోండెక్ గర్భిణుల మూత్రంలో ఈ పదార్థం సమృద్ధిగా ఉంటుందని కనుగొన్నారు. 1929లో డాయిజీ, జర్మనీలో అడాల్ఫ్ బ్యూటెనాంట్ విడివిడిగా ఈస్ట్రోన్‌ను స్ఫటిక రూపంలో వేరుచేశారు. అంతకంటే శక్తిమంతమైన ఈస్ట్రడయాల్‌ను డాయిజీ బృందం 1930ల మధ్యలో అండాశయాల నుంచే రాబట్టింది. టన్నులకొద్దీ పంది అండాశయాల నుంచి దక్కింది కొన్ని మిల్లీగ్రాములే. హార్మోన్ ఎంత స్వల్ప పరిమాణంలో పనిచేస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది. తరవాతి ప్రయోగాలకు ఈ స్వల్పతే ప్రధానమైన అడ్డంకిగా నిలిచింది.

1938లో ఎడ్విన్ ఆస్ట్‌వుడ్ మరొక సంగతి చూపాడు. ఈడుకు రాని ఆడ ఎలుకకు ఈస్ట్రోజన్ ఇచ్చిన ఆరు గంటల్లో దాని గర్భాశయం నీటిని పీల్చుకొని స్పష్టంగా బరువెక్కుతుంది. ఆ తరవాత ప్రోటీన్ల ఉత్పత్తి పెరిగి గర్భాశయం నిజంగానే ఎదుగుతుంది. ఇలా హార్మోన్ నిర్మాణం తెలిసింది, దాని ఫలితమూ తెలిసింది. ఆ రెంటి మధ్య కణంలో ఏమి జరుగుతున్నదో మాత్రం తెలియలేదు.

7.3 ఎంజైము సిద్ధాంతం

1950లలో జీవరసాయన శాస్త్రమంటే ముఖ్యంగా ఎంజైముల శాస్త్రం. కణంలోని ప్రతి మార్పుకూ ఒక ఎంజైము కారణమని వరసగా రుజువవుతున్న రోజులవి. కాబట్టి హార్మోన్ కూడా ఏదో ఒక ఎంజైము చర్యలో పాల్గొని పనిచేస్తుందని భావించడం ఆ కాలానికి సహజమే.

ఈ ఆలోచనకు ఆధారం జరాయువు నుంచి లభించింది. అక్కడి ఒక ఎంజైము ఈస్ట్రడయాల్‌ను ఈస్ట్రోన్‌గానూ, ఈస్ట్రోన్‌ను తిరిగి ఈస్ట్రడయాల్‌గానూ మార్చగలదు. ఈ మార్పు జరిగినప్పుడల్లా హైడ్రోజన్ ఒక సహఎంజైము నుంచి మరో సహఎంజైముకు చేరుతుంది. అంటే హార్మోన్ హైడ్రోజన్‌ను మోసే బంట్రోతులా పనిచేస్తూ కణానికి శక్తిని సమకూరుస్తుందని హార్వర్డ్‌లో క్లాడ్ విల్లీ, షికాగోలో పాల్ తలాలే, విలియమ్స్-ఆష్‌మన్ ప్రతిపాదించారు. ప్రయోగశాలలో చూపగలిగిన చర్య కావడం వల్ల ఈ సిద్ధాంతానికి మంచి ఆదరణ లభించింది.

ఈ సిద్ధాంతం నిజమైతే ఒక విషయం తప్పక జరగాలి. గర్భాశయంలో పనిచేస్తున్నంతసేపూ హార్మోన్ రసాయనికంగా మారుతూ ఉండాలి. దీన్ని బతికున్న జంతువులో పరీక్షించడానికి అప్పట్లో తగిన సాధనం లేదు.

7.4 షికాగో ప్రయోగం

ఎల్‌వుడ్ జెన్సన్ (1920–2012) కర్బన రసాయన శాస్త్రవేత్త. షికాగో విశ్వవిద్యాలయంలో 1944లో డాక్టరేటు పొంది, కొంతకాలం స్విట్జర్లాండులోని జ్యూరిక్‌లో పరిశోధన చేసి, 1947లో షికాగోకు తిరిగివచ్చాడు. అక్కడ శస్త్రవైద్యుడు చార్ల్స్ హగిన్స్ హార్మోన్లకూ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధంపై పరిశోధనలు నడుపుతున్నాడు. హగిన్స్‌కు ఇందుకు 1966లో నోబెల్ బహుమతి లభించింది.

స్విట్జర్లాండులో ఉన్నప్పుడు జెన్సన్ మాటర్‌హార్న్ శిఖరాన్ని ఎక్కాడు. ఆ శిఖరాన్ని మొదట 1865లో అధిరోహించిన ఎడ్వర్డ్ వింపర్ అంతకు ముందు ఇటలీ వైపు నుంచి పలుమార్లు ప్రయత్నించి విఫలుడై, చివరకు స్విస్ వైపు నుంచి ఎక్కి విజయం సాధించాడు. హార్మోన్ సమస్యను మరో వైపు నుంచి చూడాలన్న తన నిర్ణయాన్ని వివరించడానికి జెన్సన్ తరవాతి కాలంలో ఈ ఉదాహరణనే చెప్పేవాడు. హార్మోన్ కణజాలాన్ని ఏమి చేస్తున్నదని అందరూ అడుగుతున్నారు. జెన్సన్ ప్రశ్నను తిరగవేశాడు: కణజాలం హార్మోన్‌ను ఏమి చేస్తున్నది?

ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే శరీరంలోకి పంపిన హార్మోన్ జాడ తీయగలగాలి. ఈడుకు రాని ఎలుకకు ఇవ్వవలసిన సహజ మోతాదు ఒక మైక్రోగ్రాములో పదో వంతు మాత్రమే. అది అన్ని అవయవాలకూ పంచుకుపోయిన తరవాత ఒక్కో అవయవంలో మిగిలేది మరీ స్వల్పం. కార్బన్-14 గుర్తుతో ఉన్న హార్మోన్ అంత స్వల్ప పరిమాణంలో కనిపించదు. కనిపించేంత ఎక్కువ మోతాదు ఇస్తే అది సహజ పరిస్థితి కాదు. అందువల్ల జెన్సన్, అతని సహచరుడు హెర్బర్ట్ జేకబ్‌సన్ హైడ్రోజన్ రేడియోధార్మిక ఐసోటోపు అయిన ట్రిషియంను ఎన్నుకొన్నారు. ఈస్ట్రడయాల్‌కు పూర్వరూపమైన ఒక సమ్మేళనంలోని ద్విబంధానికి ట్రిషియం వాయువును చేర్చి, అత్యధిక రేడియోధార్మికత గల ఈస్ట్రడయాల్‌ను తయారుచేశారు.

ఈ హార్మోన్‌ను ఆడ ఎలుకల చర్మం కిందికి ఎక్కించి, వేర్వేరు సమయాల్లో వేర్వేరు అవయవాలను పరీక్షించారు. రక్తం, కాలేయం, మూత్రపిండాల్లో హార్మోన్ త్వరగా పెరిగి, అంతే త్వరగా తగ్గిపోయింది. గర్భాశయంలోనూ యోనిలోనూ మాత్రం అది చేరి, గంటల తరబడి నిలిచింది. గర్భాశయం నుంచి తిరిగి రాబట్టిన రేడియోధార్మిక పదార్థాన్ని పరీక్షిస్తే అది మార్పు చెందని ఈస్ట్రడయాలే. ఈస్ట్రోన్‌గా మారుతూ, మళ్లీ వెనక్కి వస్తూ ఉన్న జాడ లేదు.

ఈ ప్రయోగం నుంచి రెండు నిర్ణయాలు వచ్చాయి. మొదటిది, హార్మోన్ రసాయనికంగా మారకుండానే పనిచేస్తుంది. కాబట్టి ఎంజైము సిద్ధాంతం గర్భాశయానికి వర్తించదు. రెండోది, లక్ష్య కణజాలంలో హార్మోన్‌ను పట్టి ఉంచే పదార్థం ఏదో ఉండాలి. 1958లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ జీవరసాయన మహాసభలో జెన్సన్ ఈ ఫలితాలను వినిపించినప్పుడు శ్రోతలు చాలా కొద్దిమందే. ఎంజైము సిద్ధాంతానిదే అప్పటికి పైచేయి.

ఇంచుమించు అదే కాలంలో, 1959లో, ఇంగ్లండులో గ్లాస్‌కాక్, హోక్‌స్ట్రా మేకలు, గొర్రెలపై ఇలాంటి ప్రయోగమే చేశారు. వారు వాడింది హెక్సెస్ట్రాల్ అనే కృత్రిమ ఈస్ట్రోజన్. అది కూడా పునరుత్పత్తి అవయవాల్లోనే ఎక్కువగా చేరింది. వేరే దేశంలో, వేరే జంతువుల్లో, వేరే పదార్థంతో అదే ఫలితం రావడం జెన్సన్ పరిశీలనకు బలం చేకూర్చింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
గమనిక: మీ సమాధానాన్ని యూనిట్ చివర ఇచ్చిన సమాధానంతో సరిచూసుకోండి.
జెన్సన్ ప్రయోగానికి కార్బన్-14 ఎందుకు సరిపోలేదు?

7.5 గ్రాహకాన్ని వేరుచేయడం

పట్టి ఉంచే పదార్థం 'ఉండాలి' అనడం ఒక అనుమానం. దాన్ని వేరుచేసి చూపడం రుజువు. 1960లలో పలు ప్రయోగశాలలు ఈ పనికి పూనుకొన్నాయి.

ఈ దశలో భారతీయ శాస్త్రవేత్త పాత్ర కూడా ఉంది. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన గురుశరణ్ ప్రాణ్ తల్వార్, షెల్డన్ సీగల్ తదితరులతో కలిసి 1964లో అమెరికా జాతీయ విజ్ఞాన శాస్త్రాల అకాడమీ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించాడు. ఎలుక గర్భాశయంలో ఈస్ట్రడయాల్ బంధింపబడుతుందని చూపుతూ, ఆ బంధం వల్ల ఆర్.ఎన్.ఏ. సంశ్లేషణకు ఉన్న అడ్డు తొలగుతుందని ఆ వ్యాసం ప్రతిపాదించింది. బ్యాక్టీరియాలో జన్యువులను అణచి ఉంచే నిరోధకాల గురించి ఫ్రాన్సులో జాకబ్, మోనో 1961లో ప్రతిపాదించిన భావన అప్పటికి కొత్తది. హార్మోన్ పనిని జన్యువులతో ముడిపెట్టే ఆలోచన ఆ కాలంలో ఎలా రూపుదిద్దుకొంటున్నదో తెలుసుకోవడానికి ఈ వ్యాసం మంచి ఉదాహరణ.

గ్రాహకానికి స్పష్టమైన రూపం ఇచ్చిన ప్రయోగం 1966లో వెలువడింది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ టాఫ్ట్, జాక్ గోర్‌స్కీ ఎలుక గర్భాశయాన్ని నూరి, ఆ ద్రవాన్ని ట్రిషియం గుర్తు గల ఈస్ట్రడయాల్‌తో కలిపారు. పై నుంచి కిందికి క్రమంగా చిక్కబడే చక్కెర ద్రావణంపై దాన్ని ఉంచి, అతివేగంగా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పారు. ఈస్ట్రడయాల్ చాలా చిన్న అణువు. విడిగా ఉంటే పైభాగంలోనే ఉండిపోతుంది. కానీ రేడియోధార్మికతలో కొంత భాగం కిందికి దిగి ఒక పట్టీగా ఏర్పడింది. అంటే అది ఒక పెద్ద అణువుకు అంటుకొని ఉంది. ప్రోటీన్లను ఛేదించే ఎంజైము కలిపితే ఆ పట్టీ మాయమైంది. కాబట్టి ఆ పెద్ద అణువు ప్రోటీన్ అని తేలింది.

ఈ బంధానికి మూడు లక్షణాలు ఉన్నట్లు క్రమంగా స్థిరపడింది. ఒకటి, బంధం అతి గట్టిది. రక్తంలో ఉండే అతిస్వల్ప హార్మోన్‌ను కూడా ప్రోటీన్ పట్టుకొంటుంది. రెండు, బంధం ప్రత్యేకమైనది. ఈస్ట్రోజన్లను పట్టుకొంటుంది కానీ టెస్టోస్టిరోన్, ప్రొజెస్టిరోన్‌లను అలా పట్టుకోదు. మూడు, బంధస్థానాలు పరిమితం; హార్మోన్ ఎంత పెంచినా ఒక స్థాయి దాటి బంధింపబడదు. ఈ మూడూ కలిసి ఉన్నప్పుడే ఒక పదార్థాన్ని గ్రాహకం అనడం సమంజసమని గుర్తుంచుకోండి.

మరి హార్మోన్ కణంలోకి ఎలా వెళుతుంది? స్టీరాయిడ్లు కొవ్వులో కరుగుతాయి. రక్తంలో ఎక్కువ భాగం ఆల్బుమిన్‌కు, లైంగిక హార్మోన్లను బంధించే మరొక ప్రోటీన్‌కు అంటుకొని ప్రయాణిస్తుంది. విడిగా ఉన్న కొద్ది భాగం కణత్వచం గుండా వ్యాపనం ద్వారా లోపలికి పోతుంది. ఈ ప్రవేశం దాదాపు అన్ని కణాల్లోకీ సాధ్యమే. గ్రాహకం లేని కణం నుంచి హార్మోన్ అలాగే బయటికి వచ్చేస్తుంది. గ్రాహకం ఉన్న కణంలో నిలిచిపోతుంది. కాబట్టి పరిచయంలో అడిగిన ప్రశ్నకు జవాబు కణం ద్వారం దగ్గర కాదు, లోపల దొరికింది.

7.6 రెండంచెల నమూనా

తరవాతి ప్రశ్న: గ్రాహకం కణంలో ఎక్కడ ఉంటుంది? దీనికి అప్పటి పద్ధతి, కణజాలాన్ని నూరి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున చేరే కేంద్రకాలను, పైన తేలే కణద్రవ్యపు ద్రవాన్ని వేరుచేసి పరీక్షించడం.

హార్మోన్ తగలని గర్భాశయంలో గ్రాహకం దాదాపు అంతా పై ద్రవంలోనే దొరికింది. హార్మోన్ ఇచ్చిన గర్భాశయంలో మాత్రం అది ఎక్కువగా కేంద్రకాల భాగంలో దొరికింది. గర్భాశయాన్ని చల్లని స్థితిలో, సుమారు 2 డిగ్రీల సెల్సియస్ దగ్గర, హార్మోన్‌తో ఉంచితే బంధం ఏర్పడినా గ్రాహకం పై ద్రవంలోనే ఉంది. శరీర ఉష్ణోగ్రతకు, అంటే 37 డిగ్రీలకు వెచ్చబెడితే కేంద్రకాల భాగానికి మారింది. ఈ రెండు చోట్లా దొరికిన గ్రాహకాలు సెంట్రిఫ్యూజ్‌లో వేర్వేరు వేగాలతో దిగాయి. కణద్రవ్యంలోని రూపాన్ని 8ఎస్ అనీ, కేంద్రకంలోని రూపాన్ని 5ఎస్ అనీ పిలిచారు.

ఈ పరిశీలనల ఆధారంగా 1968లో జెన్సన్ బృందం, గోర్‌స్కీ బృందం విడివిడిగా ఒకే రకమైన నమూనాను ప్రతిపాదించాయి. మొదటి అంచెలో హార్మోన్ కణద్రవ్యంలోని గ్రాహకంతో కలుస్తుంది. రెండో అంచెలో ఆ జంట మార్పు చెంది, కేంద్రకంలోకి ప్రయాణించి, క్రొమాటిన్‌కు అంటుకొని, ఆర్.ఎన్.ఏ. ఉత్పత్తిని పెంచుతుంది. ప్రొజెస్టిరోన్‌కు కూడా ఇలాంటి గ్రాహకం ఉందని బెర్ట్ ఓమాలీ బృందం కోడిపిల్లల అండవాహికలో చూపింది. హార్మోన్ ప్రభావం వల్ల ఆ కణాల్లో గుడ్డులోని తెల్లసొన ప్రోటీన్‌కు సంబంధించిన వార్తాహర ఆర్.ఎన్.ఏ. పెరుగుతుందని కూడా ఆ పరిశోధనలు నిరూపించాయి. దీంతో హార్మోన్ చివరకు జన్యువుల స్థాయిలో పనిచేస్తుందన్న అభిప్రాయం గట్టిపడింది. కణద్రవ్యం నుంచి కేంద్రకానికి బాణం గుర్తు గీసిన పటం ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది.

7.7 1984: నమూనా సవరణ

పై నమూనాలో ఒక చిక్కు ఉంది. కణజాలాన్ని నూరిన తరవాత గ్రాహకం పై ద్రవంలో దొరికింది, ఇది పరిశీలన. నూరకముందు కూడా అది కణద్రవ్యంలోనే ఉండేది, ఇది ఊహ. నూరడం, పలచని ద్రావణంలో కలపడం అనే చర్యలే గ్రాహకాన్ని దాని అసలు చోటు నుంచి కదిలించి ఉంటే? ధాన్యపు బస్తాను కుండపోత వానలో వదిలి, మర్నాడు కాలువలో గింజలు చూసి, ధాన్యం మొదటి నుంచీ కాలువలోనే ఉందని అనుకోవడం లాంటిదే ఈ పొరపాటు.

దీన్ని తేల్చాలంటే కణాన్ని నూరకుండా చూడాలి. అందుకు 1984లో 'నేచర్' పత్రికలో ఒకేసారి రెండు వ్యాసాలు వెలువడ్డాయి.

మొదటిది విలియం కింగ్, జెఫ్రీ గ్రీన్ రాసినది. ఈస్ట్రోజన్ గ్రాహకాన్ని మాత్రమే గుర్తించే ప్రతిదేహాలను గ్రీన్, జెన్సన్ తదితరులు షికాగోలోనే తయారుచేశారు. ఈ ప్రతిదేహాలతో కణాలకు రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూస్తే, హార్మోన్ ఉన్నా లేకున్నా రంగు కేంద్రకంలోనే కనిపించింది.

రెండోది వేడ్ వెల్షన్స్, గోర్‌స్కీ తదితరులది. వారు పీయూష గ్రంథికి చెందిన కణాలను సైటోకలాసిన్ అనే పదార్థంతో మెత్తబరచి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, కేంద్రకాన్ని కణం నుంచి బయటికి లాగారు. ఇందులో కణాన్ని నూరడం లేదు. కేంద్రకమూ, కేంద్రకం లేని కణభాగమూ తమ తమ పొరలతో విడిపోయాయి. హార్మోన్ తగలని గ్రాహకాల్లో అత్యధిక భాగం కేంద్రకం ఉన్న భాగంలోనే దొరికింది.

దీంతో పాత పరిశీలనలకు కొత్త అర్థం దొరికింది. హార్మోన్ లేనప్పుడు గ్రాహకం కేంద్రకంలోనే వదులుగా ఉంటుంది. నూరినప్పుడు సులభంగా బయటికి కారిపోతుంది. హార్మోన్ బంధించిన తరవాత అది క్రొమాటిన్‌ను గట్టిగా పట్టుకొంటుంది, నూరినా వదలదు. అంటే 1968లో చూసిన మార్పు నిజమైనదే. అది చోటు మారడం వల్ల కాదు, పట్టు బిగియడం వల్ల వచ్చింది. రెండు అంచెలు నిలిచాయి; వాటి మధ్య గీసిన ప్రయాణపు బాణం మాత్రం తొలగిపోయింది.

ఈ నమూనాను ప్రతిపాదించిన ఇద్దరిలో గోర్‌స్కీ స్వయంగా సవరణ వ్యాసానికి సహరచయిత. మొదటి వ్యాసంలోని సాధనం జెన్సన్ ప్రయోగశాలలో పుట్టింది. తమ పేరుతో పుస్తకాల్లోకెక్కిన పటాన్ని తామే పరీక్షకు పెట్టడం శాస్త్రీయ దృక్పథానికి తగిన ఆచరణ.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈ సవరణను స్టీరాయిడ్ హార్మోన్లన్నింటికీ వర్తింపజేయరాదు. అధివృక్క గ్రంథి స్రవించే కార్టిసాల్‌కు చెందిన గ్రాహకం హార్మోన్ లేనప్పుడు ప్రధానంగా కణద్రవ్యంలోనే ఉండి, హార్మోన్ అందిన తరవాత కేంద్రకంలోకి కదులుతుంది. అందువల్ల పరీక్షలో జవాబు రాసేటప్పుడు ఏ హార్మోన్ గురించి రాస్తున్నారో స్పష్టంగా పేర్కొనండి. పాత పుస్తకాల్లో ఈస్ట్రోజన్‌కు పాత పటమే కనిపిస్తే ముద్రణ సంవత్సరాన్ని గమనించండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
హార్మోన్ తగలని గ్రాహకం పై ద్రవంలో దొరకడానికి 1968లో చెప్పిన కారణమేమిటి? 1984 తరవాత చెప్పిన కారణమేమిటి?

7.8 జన్యువు, ఆకృతి

1980ల మధ్యలో గ్రాహకపు జన్యువు వంతు వచ్చింది. ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో పియర్ షాంబాన్ బృందం, షికాగోలో గ్రీన్ బృందం 1985–86లో మానవ ఈస్ట్రోజన్ గ్రాహకపు నిర్మాణ క్రమాన్ని వెల్లడించాయి. అది 595 అమైనో ఆమ్లాల ప్రోటీన్. అందులో ఒక భాగం హార్మోన్‌ను పట్టుకొంటుంది, మరొక భాగం డి.ఎన్.ఏ.ను పట్టుకొంటుంది. అమెరికాలో రొనాల్డ్ ఎవాన్స్ బృందం 1985లో కార్టిసాల్ గ్రాహకపు క్రమాన్ని ప్రకటించింది. ఈ రెంటినీ పోల్చితే అవి ఒకే కుటుంబానికి చెందినవని తేలింది. మానవుడిలో ఈ కేంద్రక గ్రాహకాల కుటుంబంలో 48 జన్యువులు ఉన్నాయి.

1996లో స్వీడన్‌లో యాన్-ఆకె గుస్టాఫ్‌సన్ బృందం ఎలుక ప్రోస్టేట్ గ్రంథిలో రెండో ఈస్ట్రోజన్ గ్రాహకాన్ని కనుగొంది. దాంతో మొదటిదానికి ఆల్ఫా అనీ, రెండోదానికి బీటా అనీ పేర్లు వచ్చాయి. గర్భాశయంలో ఆల్ఫా ప్రధానమైనది; అండాశయంలోని పుటికా కణాల్లో బీటా ఎక్కువ.

1997లో హార్మోన్‌ను పట్టుకొనే భాగపు స్ఫటిక నిర్మాణం వెలువడింది. ఈస్ట్రడయాల్ లోపలి గూటిలో కూర్చోగానే ప్రోటీన్ చివర ఉన్న ఒక సర్పిలం డబ్బాకు మూతలా దాని మీద మూసుకొంటుంది. ఆ మూత సరిగా పడినప్పుడే జన్యువులను పనిచేయించే సహాయక ప్రోటీన్లు వచ్చి అతుక్కొంటాయి. రాలాక్సిఫిన్ అనే మందు అదే గూటిలో కూర్చొంటుంది; కాని దాని పొడవైన పక్క గొలుసు మూత పడనివ్వదు. అందువల్ల బంధం ఏర్పడినా పని జరగదు. బంధించడం వేరు, పనిచేయించడం వేరు అన్న సంగతి ఈ నిర్మాణంతో కళ్లకు కట్టింది.

2004లో జెన్సన్, షాంబాన్, ఎవాన్స్ ముగ్గురికీ కలిపి లాస్కర్ పురస్కారం లభించింది.

7.9 కణత్వచం దగ్గరే ఆగే హార్మోన్లు

పునరుత్పత్తి కణజాలంలో పనిచేసే హార్మోన్లన్నీ కణంలోకి నేరుగా ప్రవేశించవు. పీయూష గ్రంథి స్రవించే పుటికా ప్రేరక హార్మోన్, ల్యూటినైజింగ్ హార్మోన్ పెద్ద గ్లైకోప్రోటీన్లు. ఇవి నీటిలో కరుగుతాయి, కొవ్వు పొరను దాటలేవు. వీటి గ్రాహకాలు కణత్వచం మీదే ఉంటాయి. హార్మోన్ బయట అంటుకోగానే లోపల సైక్లిక్ ఏ.ఎం.పి. అనే రెండో వార్తాహరి ఏర్పడుతుంది. దీన్ని కనుగొన్న ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లో నోబెల్ బహుమతి వచ్చింది. సంకేతం అందిన తరవాత హార్మోన్, గ్రాహకం జంటగా త్వచపు చిన్న సంచిలో లోపలికి వెళ్లడం కూడా ఉంది. ఇది ప్రధానంగా సంకేతాన్ని ముగించడానికి ఉపయోగపడుతుంది.

ఈ రెండు దారులకూ మధ్య గోడ మరీ గట్టిది కాదు. 1967లో క్లారా సేగో, ఈస్ట్రడయాల్ ఇచ్చిన కొన్ని క్షణాల్లోనే ఎలుక గర్భాశయంలో సైక్లిక్ ఏ.ఎం.పి. పెరుగుతుందని చూపింది. జన్యువుల ద్వారా ఫలితం రావడానికి గంటలు పడుతుంది. క్షణాల్లో వచ్చే ఫలితానికి వేరే దారి ఉండాలి. రెండంచెల నమూనా హోరులో ఈ పరిశీలనకు తగిన గుర్తింపు రాలేదు. ఈస్ట్రోజన్ గ్రాహకాల్లో కొద్ది భాగం కణత్వచం దగ్గర కూడా ఉండి త్వరిత సంకేతాలను పంపుతుందని నేడు అంగీకరిస్తున్నారు.

7.10 ప్రయోగశాల నుంచి ఆసుపత్రికి

1896లో గ్లాస్గోలో జార్జ్ బీట్సన్ అనే శస్త్రవైద్యుడు, ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న ఒక స్త్రీకి అండాశయాలు తొలగిస్తే కణితి తగ్గిందని ప్రకటించాడు. అప్పటికి ఈస్ట్రోజన్ అనే పేరే లేదు. 1950లలో హగిన్స్ అధివృక్క గ్రంథులను కూడా తొలగించే శస్త్రచికిత్సను ప్రవేశపెట్టాడు. ఈ చికిత్సల వల్ల మేలు పొందేది సుమారు మూడింట ఒక వంతు రోగులే. మిగిలిన ఇద్దరు పెద్ద శస్త్రచికిత్స బాధనంతా అనుభవించి, శరీరంలో ముఖ్యమైన గ్రంథులు పోగొట్టుకొని, ఏ ఫలితమూ లేకుండా మిగిలేవారు. అంతకంటే విచారకరమైనది ఏమిటంటే, ఎవరు ఆ ఒకరో, ఎవరు ఆ ఇద్దరో ముందుగా చెప్పే మార్గం లేదు.

గర్భాశయంలో హార్మోన్‌ను పట్టి ఉంచే గుణం కణితుల్లో కూడా ఉంటే? 1961లో ఇంగ్లండులో ఫోల్కా, గ్లాస్‌కాక్, ఇర్విన్ ట్రిషియం గుర్తు గల హెక్సెస్ట్రాల్‌ను ముదిరిన క్యాన్సర్ రోగులకు ఇచ్చి చూశారు. గ్రంథులు తొలగించినప్పుడు మేలు పొందినవారి కణితులు ఆ పదార్థాన్ని ఎక్కువగా గ్రహించాయి. తరవాత జెన్సన్ కణితి ముక్కలోనే గ్రాహకాన్ని కొలిచే పద్ధతిని రూపొందించి, గ్రాహకం లేని కణితి ఉన్నవారికి ఆ శస్త్రచికిత్స వల్ల మేలు జరగడం అరుదని 1971లో చూపాడు. 1974లో అమెరికాలోని బెథెస్డాలో జరిగిన సమావేశంలో అనేక ఆసుపత్రుల ఫలితాలను కలిపి చూశారు. గ్రాహకం ఉన్న కణితుల్లో 55–60 శాతం హార్మోన్ చికిత్సకు స్పందించగా, లేనివాటిలో స్పందించింది సుమారు 8 శాతమే. ఒక చిన్న ముక్కపై చేసే పరీక్ష ఎంతోమందిని నిష్ఫలమైన శస్త్రచికిత్స నుంచి తప్పించింది.

శస్త్రచికిత్సకు బదులు మందు కూడా వచ్చింది. బ్రిటన్‌లోని ఐ.సి.ఐ. సంస్థలో డోరా రిచర్డ్‌సన్ 1962లో టామాక్సిఫెన్‌ను తయారుచేసింది. గర్భనిరోధకంగా ఉపయోగపడుతుందని ఆశించి మొదలుపెట్టిన పరిశోధన అది. కానీ స్త్రీలలో అది అండోత్సర్గాన్ని ప్రేరేపించింది. 1971లో మాంచెస్టర్‌లో మేరీ కోల్ తదితరులు ముదిరిన రొమ్ము క్యాన్సర్‌లో దాని ప్రయోజనాన్ని ప్రకటించారు. 1973లో బ్రిటన్‌లో అనుమతి లభించింది. టామాక్సిఫెన్ రొమ్ము కణితిలో గ్రాహకపు గూటిని ఆక్రమించి ఈస్ట్రోజన్‌కు చోటివ్వదు. నేడు రొమ్ము క్యాన్సర్ నిర్ధారణ నివేదికలో 'ఈ.ఆర్. పాజిటివ్', 'ఈ.ఆర్. నెగెటివ్' అని రాసేది ఈ గ్రాహకం గురించే.

ఐ.సి.ఐ. వదిలేసిన గర్భనిరోధక లక్ష్యాన్ని మనదేశం మరో అణువుతో సాధించింది. లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ రూపొందించిన సెంట్‌క్రోమన్ స్టీరాయిడ్ కాదు. అయినా ఈస్ట్రోజన్ గ్రాహకానికి అంటుకొంటుంది. గర్భాశయంలో ఈస్ట్రోజన్ పనిని అడ్డుకొని, పిండం అంటుకొనేందుకు గర్భాశయ పొర సిద్ధం కాకుండా చేస్తుంది. ఇది 1991లో 'సహేలీ' పేరుతో మార్కెట్లోకి వచ్చింది. 2016లో 'ఛాయ' పేరుతో జాతీయ కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో చేరింది. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తరవాత వారానికి ఒకసారి వేసుకొనే ఈ మాత్ర ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో సహా దేశంలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల కార్యక్రమంలో భాగం. ఎలుక గర్భాశయంలో నిలిచిపోయిన రేడియోధార్మిక హార్మోన్ కథ ఈ మాత్ర దాకా సాగిందని గ్రహించండి.

7.11 సారాంశం

ఈస్ట్రోజన్ వ్యాపనం ద్వారా కణంలోకి ప్రవేశిస్తుంది. గ్రాహకం ఉన్న కణంలోనే నిలుస్తుంది. జెన్సన్, జేకబ్‌సన్ ట్రిషియం ప్రయోగాలు హార్మోన్ మార్పు చెందకుండానే పనిచేస్తుందని చూపి, ఎంజైము సిద్ధాంతాన్ని తోసిపుచ్చాయి. టాఫ్ట్, గోర్‌స్కీ 1966లో గ్రాహకం ప్రోటీన్ అని చూపారు. 1968 నాటి రెండంచెల నమూనా గ్రాహకం కణద్రవ్యం నుంచి కేంద్రకానికి ప్రయాణిస్తుందని చెప్పింది. 1984లో ఆ ప్రయాణం కణజాలాన్ని నూరడం వల్ల కలిగిన భ్రమ అని తేలింది. గ్రాహకం మొదటి నుంచీ ప్రధానంగా కేంద్రకంలోనే ఉంటుంది. ఈ పరిజ్ఞానం రొమ్ము క్యాన్సర్ చికిత్సలో ఎవరికి ఏది తగునో ముందుగా తెలుసుకొనే వీలు కల్పించింది. గ్రాహకం ఉన్న చోటు విషయంలో పొరపాటు జరిగినా, గ్రాహకం ఉన్నదన్న పరిశీలన చెక్కుచెదరలేదు. కణితి పరీక్ష ఆధారపడింది ఆ పరిశీలన మీదే కాబట్టి, నమూనా మారినా పరీక్ష విలువ తగ్గలేదు.

7.12 కీలక పదాలు

గ్రాహకం: నిర్దిష్టమైన హార్మోన్‌ను గట్టిగా, పరిమిత స్థానాల్లో బంధించి కణంలో ప్రతిస్పందన కలిగించే ప్రోటీన్.
లక్ష్య కణజాలం: ఒక హార్మోన్‌కు ప్రత్యేకంగా స్పందించే కణజాలం.
ట్రిషియం: హైడ్రోజన్ రేడియోధార్మిక ఐసోటోపు.
క్రొమాటిన్: కేంద్రకంలో డి.ఎన్.ఏ., ప్రోటీన్లు కలిసి ఉన్న పదార్థం.
ప్రతిదేహం: ఒక నిర్దిష్ట పదార్థాన్ని గుర్తించి అంటుకొనే రక్షక ప్రోటీన్.

7.13 మీ ప్రగతిని సరిచూసుకోండి – సమాధానాలు

1. హార్మోన్ సహజ మోతాదు అతిస్వల్పం. ఆ పరిమాణంలో కార్బన్-14 రేడియోధార్మికత గుర్తించడానికి చాలదు. మోతాదు పెంచితే పరిస్థితి సహజంగా ఉండదు.
2. గ్రాహకం కణద్రవ్యంలో ఉండటమే కారణమని 1968లో చెప్పారు. కేంద్రకంలో వదులుగా ఉన్న గ్రాహకం నూరినప్పుడు బయటికి కారడమే కారణమని 1984 తరవాత చెప్పారు.

7.14 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఈస్ట్రోజన్ గ్రాహకం భావన వికాసాన్ని కాలక్రమంలో వివరించండి.
2. రెండంచెల నమూనాలో పరిశీలన ఏది, ఊహ ఏది? 1984 నాటి ప్రయోగాల ఆధారంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఎంజైము సిద్ధాంతాన్ని ట్రిషియం ప్రయోగాలు ఎలా తోసిపుచ్చాయి?
2. స్టీరాయిడ్ హార్మోన్లకూ, పీయూష గ్రంథి గ్లైకోప్రోటీన్ హార్మోన్లకూ కణంపై పనిచేసే విధానంలో తేడాలు రాయండి.
3. రొమ్ము క్యాన్సర్ చికిత్సలో గ్రాహక పరీక్ష ప్రాధాన్యాన్ని తెలపండి.